కబురు కథ – 9వ భాగం: నడిపేది ఒకరు, నిర్ణయించేది ఎవరు?

గత భాగంలో గొలుగొండ మన్యం దగ్గర ఆగాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... వరసగా మూడు రోజుల్లో మూడు ఠాణాల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు, మందుగుండు పట్టుకుపోయిన వైనం చెప్పుకున్నాం. నెల తిరిగేసరికి సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు నేలకూలిన సంగతీ చూశాం. 1924 మే 7న రాజు ప్రాణం తీసేదాకా, అంటే రెండేళ్లకు కాస్త తక్కువగా, ప్రభుత్వం ఆ కొండల్లో పడరాని పాట్లు పడింది. మలబారు స్పెషల్ పోలీసులను దించింది, అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. మనుషులకు లోటు లేదు, తుపాకులకు లోటు లేదు. లోటల్లా కబురుకే. దళం ఏ వాగు దాటిందో తెలిసిన గిరిజనుడు నోరు విప్పడు, ఆరా తీసే పోలీసుకు ఆ దారి తెలియదు, ఉత్తర్వు ఇవ్వాల్సిన అధికారి కొండ కింద ఎక్కడో ఉంటాడు. సమాచారం ఒకచోట, అధికారం మరోచోట ఉండిపోయి, మధ్య దూరాన్ని కాళ్లతో కొలవాల్సి వచ్చినప్పుడు సామ్రాజ్యం కూడా ఎంత నిస్సహాయమవుతుందో ఇవాళ రాజు సమాధి ఉన్న ఆ కృష్ణదేవిపేటే, గొలుగొండ మండలంలోని ఆ చిన్న ఊరే, మనకు చూపించింది.

ఈసారి ఆ దూరం పూర్తిగా చెరిగిపోయిన చోటికి వెళదాం. అది కారు రేసు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 83 మీటర్లు దాటుతుంది. ఆ కారులో కూర్చున్న మనిషి చెవిలో, దూరంగా పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన జట్టు ఉండే చోట, తెరల ముందు కూర్చున్న మరో మనిషి గొంతు వినిపిస్తుంది. అడిగితే జవాబు చెబుతుంది, అడక్కపోయినా ఆజ్ఞ ఇస్తుంది. ఈ రెండువైపుల రేడియో రేసుల్లోకి ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది అన్నది ఈ భాగం కథ. రేడియో వల్ల రేసు వేగవంతమైందని, భద్రమైందని చాలామంది అంటారు. రెండింట్లోనూ కొంత నిజముంది. అయితే అసలు మార్పు అది కాదని నా వాదన. రేడియో కారుకు వేగం ఇవ్వలేదు. నిర్ణయాన్ని స్టీరింగు దగ్గర నుంచి తీసి గోడ అవతల పెట్టింది. ఆ నిర్ణయం మళ్లీ డ్రైవరు చేతికి ఎప్పుడు, ఎందుకు వచ్చిందన్నది మన హైదరాబాద్‌లో హుసేన్ సాగర్ ఒడ్డున 2023లో స్పష్టంగా కనిపించింది. అక్కడికి వెళ్లేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

1926 జులై 11న బెర్లిన్ శివార్లలోని ఆవుస్ బాటపై జర్మన్ గ్రాండ్ ప్రీ జరిగింది. రుడాల్ఫ్ కరచోలా అనే కుర్రాడు మెర్సిడెస్ కారుతో దిగాడు. మొదట్లోనే ఇంజను ఆగిపోయి వెనకబడ్డాడు. తర్వాత కుండపోత వాన. కారు మొరాయిస్తే దిగి స్పార్క్ ప్లగ్ మార్చుకుని మళ్లీ పరుగందుకున్నాడు. ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో, తను ఎన్నో స్థానంలో ఉన్నాడో చెప్పే నాథుడు లేడు. గీత దాటి ఆగాకే తెలిసింది, గెలిచింది తనేనని. ఇది మెర్సిడెస్ జట్టును నడిపే ఆల్‌ఫ్రెడ్ నోయ్‌బావర్‌ను ఆలోచనలో పడేసింది. ప్రపంచంలో రేసు డ్రైవరంత ఒంటరివాడు లేడని ఆయనకు అనిపించింది. అందుకని జెండాలు, అంకెల బోర్డులు, చేతి సైగలతో ఒక పద్ధతి తయారుచేశాడు. డ్రైవరు పిట్ ముందు నుంచి దూసుకుపోయే ఆ ఒక్క క్షణంలో అతని స్థానం, ముందు కారుతో తేడా, మిగిలిన ల్యాపులు కళ్లబడేలా ఏర్పాటు చేశాడు. కబురు వెళ్లేది ఒకవైపే. ల్యాపుకు ఒక్కసారే. డ్రైవరు చూస్తే చూసినట్టు, చూడనట్టు నటించినా అడిగే దిక్కు లేదు. జట్టు యజమాని ఎంత అరిచినా ట్రాక్ అవతలి కొసన ఉన్న డ్రైవరే తన రాజ్యానికి రాజు.

రేడియో అప్పటికే ఉంది కదా, మరి కారులో ఎందుకు పెట్టలేదు అని అడగవచ్చు. పెట్టాలంటే రెండు అడ్డంకులు. ఒకటి బరువు. వాల్వులతో, బ్యాటరీలతో కూడిన ఆనాటి సెట్టు ఒక మనిషి బరువు తూగేది. రెండోది ఇంకా చిక్కుది. పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్ కొట్టే ప్రతి మెరుపూ ఒక చిన్న రేడియో ప్రసారమే. నిమిషానికి వేలసార్లు మెరిసే ఆ నిప్పురవ్వల గోల ఏఎం రేడియోలో మాటను మింగేసేది. అందుకే ఈ కథలో మలుపు రేసు మైదానంలో రాలేదు, పోలీసు బండిలో వచ్చింది. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 1928లో కార్లకు రేడియో పెట్టారు, కానీ అది వినడానికి మాత్రమే. న్యూజెర్సీలోని బయోన్ పోలీసులు 1933లో రెండువైపులా మాట్లాడే సెట్లు పెట్టారు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిలో తరంగం ఎత్తు మారినా మాట చెడదు, ఇంజను గోల చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు ఎఫ్ఎం సెట్ల వ్యవస్థ రూపొందించిన డేనియల్ నోబుల్ తర్వాత మోటరోలా వైపు వచ్చి, యుద్ధంలో సైనికుడు వీపున మోసే వాకీటాకీకి ప్రాణం పోశాడు. యుద్ధం ముగిశాక ఆ పరిజ్ఞానం టాక్సీలకు, లారీలకు, అంబులెన్సులకు పాకింది.

రేసులోకి దాన్ని తెచ్చినవాడు గొప్ప ఇంజనీరు కాదు, పెద్ద కంపెనీ కాదు. రేడియో మీద బండ్లను పంపించే వ్యాపారంలో ఉన్న అల్ స్టీవెన్స్. 1952లో డేటోనా బీచ్ రేసుకు తన కారులో రెండువైపుల సెట్టు బిగించుకుని వచ్చాడు. అక్కడి బాట సగం సముద్రపు ఇసుక, సగం తారు రోడ్డు; చుట్టు నాలుగు మైళ్ల పైచిలుకు. పిట్‌లో ఉన్నవాళ్లకు అవతలి కొస కనిపించదు, అవతలి కొసన ఎవరైనా బోల్తా పడితే ఇవతలి నుంచి వచ్చే డ్రైవరుకు తెలియదు. స్టీవెన్స్ ఆ రోజు గెలవలేదు. గెలిచి ఉంటే మర్నాటికల్లా అందరి కార్లలో సెట్లు వెలిసేవి. గెలవకపోవడం వల్లే చాలా ఏళ్లపాటు అదొక వింతగానే మిగిలిపోయింది. అయినా ఆయన ఎందుకు తెచ్చాడన్నది గమనించాలి. బండి ఎక్కడుందో కార్యాలయంలో ఉన్నవాడికి తెలియాలి, ఎటు పోవాలో కార్యాలయం చెప్పాలి అన్నది ఆయన రోజూ చేసే పని. ఆ పనినే రేసులోకి మోసుకొచ్చాడు. రేసు కారులోకి రేడియోతో పాటు కార్యాలయం కూడా ఎక్కింది.

ఈ సామగ్రి ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. డ్రైవరు చెవి అచ్చు తీసి పోతపోసిన బుల్లి స్పీకర్లు రెండు చెవుల్లో దూరతాయి. బయటి రొదను ఆపడం, లోపలి మాటను వినిపించడం రెండూ వాటి పనే. అవి ఊడకుండా టేపు అంటిస్తారు. హెల్మెట్ లోపల పెదవుల ముందు మైకు ఉంటుంది. ఆ రెంటి నుంచీ వచ్చే తీగ హెల్మెట్ పక్కన ఒక ప్లగ్గుతో ముగుస్తుంది. ప్రమాదంలో డ్రైవరు గబుక్కున లేచి దూకాల్సి వస్తే ఆ ప్లగ్గు లాగగానే విడిపోవాలి, మెడకు చుట్టుకోకూడదు. స్టీరింగు మీద బొటనవేలికి అందేలా ఒక మీట. నొక్కితే మాట్లాడవచ్చు, వదిలితే వినవచ్చు. మాట కూడా దానికి తగ్గట్టే అరిగి, పొట్టిదైపోయింది. మలుపులో ఉండగా ఇంజనీరు మాట్లాడకూడదు, తిన్నని దారి వచ్చేదాకా ఆగాలి. చెప్పింది అందిందని డ్రైవరు తిరిగి పలకాలి. 2012 నవంబరు 4న అబుదాబిలో కిమి రైకొనెన్ ముందంజలో ఉండి, పిట్ నుంచి వస్తున్న సలహాలు భరించలేక, ఏం చేయాలో తనకు తెలుసని, తనను వదిలేయమని కసిరేశాడు. ఆ రేసు గెలిచాడు కూడా. అభిమానులు ఆ మాటను టీషర్టుల మీద అచ్చేసుకున్నారు. కార్యాలయం పెత్తనం కింద పనిచేసే ప్రతి ఉద్యోగీ ఆ మాటలో తన గొంతు విన్నాడు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. పెత్తనం సంగతి సరే, ప్రాణాల మాటేమిటి? రేడియో లేని రోజుల్లో ఎంతమంది చనిపోయారు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. 1973 జులై 29న హాలండ్‌లోని జాండ్‌వోర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు పల్టీ కొట్టి తలకిందులుగా పడింది, మంటలంటుకున్నాయి. వెనకే వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపేసి, ట్రాక్ అడ్డంగా పరుగెత్తి, ఒంటిచేత్తో ఆ కారును తిరగేయబోయాడు. మార్షల్ చేతిలోని అగ్నిమాపక సిలిండరు లాక్కుని మంట మీద కొట్టాడు. మార్షళ్లకు మంటను తట్టుకునే బట్టలు లేవు, దగ్గరికి పోలేకపోయారు. పర్లీ చేతులూపుతూ దారిన పోయే డ్రైవర్లను ఆగమని వేడుకున్నాడు. ఎవరూ ఆగలేదు. నిర్దయ వల్ల కాదు. మంటల పక్కన హెల్మెట్ పెట్టుకున్న డ్రైవరొకడు నిలబడి కనిపించాడు కాబట్టి, కాలుతున్న కారు అతనిదే, అతను క్షేమంగా బయటపడ్డాడు అనుకున్నారు. రేసును నడిపే అధికారులూ అలాగే అనుకున్నారు. రేసు ఆగలేదు, ఫైరింజను వచ్చేసరికి అంతా అయిపోయింది. విలియమ్సన్ వయసు అప్పటికి పాతికేళ్లు. పర్లీ సాహసానికి బ్రిటన్ జార్జ్ మెడల్ ఇచ్చింది.

ఆ కారు లోపల మనిషి ఉన్నాడని తెలిసినవాడు పర్లీ. రేసు ఆపగలవాళ్లు దూరంగా ఉన్నారు. మళ్లీ మన గొలుగొండ కొండల చిక్కే. అయితే దీన్నిబట్టి రేడియో ఉంటే విలియమ్సన్ బతికేవాడని తేల్చేయడం తొందరపాటు. 1973 నాటికి వాకీటాకీ వింత వస్తువు కాదు, ఫోను అంతకన్నా కాదు. కబురు పంపే సాధనం లేక కాదు, వచ్చిన కబురు మీద క్షణంలో రేసు ఆపే ఏర్పాటు లేక ఆ ప్రాణం పోయింది. అక్కడున్న మార్షల్ తన కళ్లతో చూసినదాన్నిబట్టి రేసు ఆపలేడు. ఆ అధికారం అతనిది కాదు. కాబట్టి భద్రత పేరుతో వచ్చే వాదన నా మాటను కొట్టివేయదు, ఇంకా గట్టి చేస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో రేసులు భద్రమయ్యాయంటే ప్రతి మలుపు దగ్గరి మనిషికీ వైర్‌లెస్ ఇవ్వడంతో పాటు, అతని మాటను అవతల నమ్మి తక్షణం కదిలే ఒక గదిని, అందులో ఒక బాధ్యుడిని పెట్టడం వల్లే.

ఘాట్ రోడ్ల మీద జరిగే ర్యాలీ చూస్తే ఈ సంగతి మరీ తెలుస్తుంది. ట్రాక్ రేసులో అంతా నాలుగైదు కిలోమీటర్ల చుట్టులోనే. ర్యాలీ అడవిలో, లోయల్లో, ఒక్కో దశ పాతిక ముప్పై కిలోమీటర్ల పొడవున సాగుతుంది. నర్సీపట్నం మీదుగా చింతపల్లి వైపు ఎక్కే దారి ఎరిగినవాళ్లకు ఆ మలుపుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక మలుపులో హారన్ కొట్టినా కొండ అవతలికి వినిపించదు. అలాంటి దారిలోనే 1986 మే 2న కోర్సికా దీవి ర్యాలీలో హెన్రీ తోయివోనెన్, ఆయన పక్కన దారి చెప్పే సెర్జియో క్రెస్టో ఒక ఎడమ మలుపులో లోయలోకి జారిపోయారు. దగ్గర్లో చూసినవాళ్లు ఎవరూ లేరు. పొగ కనిపించి, కబురు పాకి, సాయం చేరేసరికి కారు అస్థిపంజరం మాత్రమే మిగిలింది. తర్వాత ర్యాలీ కార్లలో రెండు వైపులా ముద్రించిన అట్ట పెట్టడం రివాజైంది. ఒకవైపు బాగానే ఉన్నామని, రెండోవైపు ఎర్రగా సాయం కావాలని. వెనకొచ్చే కారు దాన్ని చూసి ముందున్న రేడియో కేంద్రానికి చెప్పాలి. సెల్‌ఫోన్ అందని మన అడవుల్లో, కొండల్లో జరిగే ర్యాలీలకు హామ్ రేడియో ఔత్సాహికులు తమ సెట్లు మోసుకుని వచ్చి, దశకు ఇద్దరు ముగ్గురు చొప్పున చెట్ల కింద కూర్చుని ఏ కారు దాటింది, ఏది దాటలేదు అని అంకె అంకె చదివి చెప్పడం ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. పత్రికల్లో వాళ్ల ఫొటోలు రావు. కానీ దాటని కారు అంకె చెప్పేది వాళ్లే, వెతకడం మొదలయ్యేది ఆ అంకెతోనే.

భద్రత సంగతి అలా ఉంచి పందెం వైపు వస్తే, మాట దారి పూర్తిగా తెరుచుకున్నాక పిట్ ఏం చేసిందో చూడాలి. 2008 సెప్టెంబరు 28న సింగపూర్‌లో రెనో జట్టు డ్రైవరు నెల్సన్ పికె జూనియర్ కావాలని గోడకు కొట్టుకున్నాడు, తన జట్టులోని అలొన్సోకు లాభం చేకూరేలా. ఏడాది తర్వాత విచారణలో బయటపడ్డ సాక్ష్యాల్లో రేడియో సంభాషణ ఒకటి. తను ఎన్నో ల్యాపులో ఉన్నానని పికె ఆరా తీసిన మాటలు అందులో ఉన్నాయి. 2010 జులై 25న హోకెన్‌హైమ్‌లో ముందున్న ఫెరారీ డ్రైవరు ఫెలిపె మాసాకు, అప్పటికి అదే జట్టులోకి వచ్చి వెనకున్న అలొన్సో నీకన్నా వేగంగా ఉన్నాడని ఇంజనీరు గుచ్చి గుచ్చి చెప్పాడు. పక్కకు తప్పుకోమన్న ఆజ్ఞ అది అని విన్న ప్రతివాడికీ అర్థమైంది. మాసా తప్పుకున్నాడు. జట్టు ఆజ్ఞల మీద అప్పట్లో నిషేధం ఉంది కాబట్టి ఫెరారీకి లక్ష డాలర్ల జరిమానా పడింది. మరుసటి ఏడాది ఆ నిషేధాన్నే ఎత్తేశారు. ఆపలేని దాన్ని నిషేధించి ప్రయోజనం లేదని. అలా జర్మనీలో 1926లో తను గెలిచానని తెలియని డ్రైవరు, 2010 నాటికి తను ఓడాలన్న సంగతి రేసు మధ్యలోనే చెవిలో వినే డ్రైవరయ్యాడు. ఇది నాకు ఇష్టమైన పరిణామం కాదు.

ఫార్ములా వన్ పెద్దలకూ ఇష్టం లేకపోయింది. డ్రైవరు ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా నడపాలన్న నిబంధన ఉంది కదా అని, 2016లో రేడియోలో ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో కఠినంగా గీత గీశారు. జులై 10న సిల్వర్‌స్టోన్‌లో నికో రోస్‌బర్గ్ గేరు పెట్టె ఇరుక్కుంది. ఏడో గేరులో ఆగకుండా దాటేయమని జట్టు చెప్పింది. అంత మాటకే పది సెకన్ల శిక్ష పడి, రెండో స్థానంలో ముగించినవాడు మూడుకు దిగాడు. జనానికి అది రుచించలేదు. బండి పాడైతే చెప్పకూడదా అన్నారు. నెల తిరగకముందే ఆ ఆంక్షల్లో చాలావాటిని సడలించారు. ఈ ఉదంతాన్ని చూపి, రేడియోను వెనక్కి పంపలేం, పెత్తనం గురించి బాధపడి లాభం లేదు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 2016లో తప్పు మాటను నిషేధించడంలో ఉంది. మాట్లాడుకోనిస్తూనే, పిట్‌కు తెలిసేది ఎంత ఉండాలన్నది తేల్చితే ఫలితం వేరుగా ఉంటుంది. అందుకు రుజువు మన ఇంటి ముంగిటే దొరికింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు జరిగింది. విద్యుత్ కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ మన దేశానికి రావడం అదే మొదటిసారి. హుసేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీద, అప్పుడే కడుతున్న కొత్త సచివాలయం పక్కన, రోజూ ఆర్టీసీ బస్సులు, ఆటోలు తిరిగే రోడ్లకు రెండు వైపులా కాంక్రీటు గోడలు నిలబెట్టి 2.8 కిలోమీటర్ల చుట్టు తయారుచేశారు. ట్రాఫిక్ మళ్లింపులతో నగరం రోజుల తరబడి అవస్థపడింది, ఆ విసుగు న్యాయమైనదే. కానీ గోడల మధ్య జరిగినది మన కథకు చాలా విలువైనది. ఫార్ములా వన్‌లో కారులోని వందల సెన్సర్ల లెక్కలు క్షణక్షణం పిట్‌కు చేరతాయి. ఫార్ములా ఈ రేసులో అలా చేరనివ్వరు. బ్యాటరీలో ఎంత మిగిలిందో స్టీరింగు మీది తెరపై డ్రైవరుకు కనిపిస్తుంది, పిట్‌కు కనిపించదు. పిట్‌కు తెలియాలంటే డ్రైవరు మీట నొక్కి నోటితో అంకె చెప్పాలి. చెప్పింది ప్రత్యర్థులూ వింటారు కాబట్టి జట్లు సంకేతాలు పెట్టుకుంటాయి. పిట్ లెక్క కట్టి, ఇక్కడి నుంచి ల్యాపుకు ఇంత వాడు అంటుంది. వాడగలడో లేదో, ముందున్నవాణ్ని దాటడానికి ఇప్పుడే ఖర్చుపెట్టాలో తర్వాతకు దాచుకోవాలో తేల్చాల్సింది కారులో ఉన్నవాడే.

ఆ రోజు ముందు వరసలో మొదలుపెట్టిన మిచ్ ఎవాన్స్‌ను సొంత జట్టు సహచరుడు సామ్ బర్డ్ మలుపులో గుద్దేయడంతో జాగ్వార్ ఆశలు మూడో మలుపులోనే కుప్పకూలాయి. రెండు కార్లకూ రేడియో ఉంది, రెండింటికీ ఒకే పిట్ గోడ. అర సెకనులో జరిగిపోయే దానికి ఏ ఇంజనీరు మాటా అందదు. చివరి ల్యాపుల్లో జ్యాన్ ఎరిక్ వెర్న్ ముందు, నిక్ కాసిడీ వెనక. కాసిడీ బ్యాటరీలో వెర్న్‌కన్నా ఎక్కువ శక్తి మిగిలి ఉంది. లెక్క ప్రకారమైతే కాసిడీ దాటాలి. వెర్న్ ప్రతి మలుపు ముందూ కాలు తీసి శక్తిని దాచుకుంటూ, దాటడానికి వీలున్న చోట మాత్రం అడ్డం నిలిచి, గీత దగ్గర అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. మూడోవాడిగా వచ్చిన సెబాస్టియన్ బుఎమి అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడాడని తేలి ఆ స్థానం పోగొట్టుకున్నాడు, అది ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది. పిట్‌కు అన్నీ తెలిసి ఉంటే ఇంత ఉత్కంఠ ఉండేదా? అసలు తెలిసినవాడు డ్రైవరు కావడంతో మాట దిశ మారింది. ఆజ్ఞ పైనుంచి కిందికి రావడం మాని, వార్త కింది నుంచి పైకి వెళ్లింది.

ఇది కావాలని పెట్టిన లోటు, చేతులు కట్టేసి ఈదమన్నట్టుంది అని ఇంజనీర్లు అనవచ్చు. క్రీడ అంటేనే కావాలని పెట్టుకున్న కట్టుబాటు. పైగా మాటే లేకుండా నడిచే పందేలూ ఉన్నాయి. అదే 2023 సెప్టెంబరు 24న నోయిడా దగ్గర బుద్ధ్ ట్రాక్ మీద మోటో జీపీ జరిగింది, మార్కో బెజెకి గెలిచాడు. ఆ బైకుల మీద కూర్చున్నవాళ్ల చెవిలో పిట్ గొంతు లేదు. గోడ మీంచి చూపించే అంకెల బోర్డు, డ్యాష్ మీద మెరిసే పొట్టి సందేశం, అంతే. దాదాపు నూరేళ్ల కిందటి నోయ్‌బావర్ పద్ధతి ఉత్తర భారతపు ఎండలో, ఉక్కపోతలో చెక్కుచెదరకుండా పనిచేసింది.

మన దేశంలో ఈ సామగ్రి వాడకానికి మరో ముడి ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం వైర్‌లెస్ సెట్టు అనుమతి లేకుండా ఉంచుకోవడమే నేరంగా ఉండేది. పరాయి పాలకులు తమ భయంతో రాసుకున్న నియమాలివి. మన్యంలో కబురు లేక పడ్డ పాట్లు తెలిసిన ప్రభుత్వానికి ప్రజల చేతిలో రేడియో అంటే ఎందుకు గుబులో ఊహించడం కష్టం కాదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ చట్టాలు దశాబ్దాలు నిలిచాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, నెల్లూరు వెళ్లే దారిలో షోలవరం దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి మీద రేసులు నడిపిన కాలమంతా, కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మూలాల కుటుంబంలో పుట్టి, మారుతి ఇంజనుతో చవకగా రేసు కార్లు కట్టి కుర్రాళ్లకు దారి చూపి, 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ కాలమంతా, సెట్టు కొనడం ఒక ఎత్తు, దాన్ని వాడుకునే అనుమతి మరో ఎత్తు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే వాకీటాకీలకు లైసెన్సు మినహాయింపు వచ్చింది 2018లోనే. పోలీసు, అంబులెన్సు, ఫైరు శాఖల తరంగాలతో రేసు గొంతులు చిక్కుపడకుండా చూడటం అవసరమే. హుసేన్ సాగర్ లాంటి నగరం నడిబొడ్డులో మరీ అవసరం. కానీ అవసరమైన నియంత్రణ వేరు, పాత గుబులు వేరు. ఆ రెంటినీ విడదీయడానికి మనకు డెబ్భై ఏళ్లకు పైగా పట్టింది.

హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయింది. గోడలు తీసేశారు, రోడ్డు మళ్లీ బస్సులది. అయితే అదే హుసేన్ సాగర్‌కు దగ్గర్లో, సోమాజిగూడలో, రేసులతో సంబంధం లేకుండా వైర్‌లెస్ మాటను సామాన్యుడి చేతికి అందించాలని 1983లో ఒక సంస్థ పుట్టింది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ర్యాలీ దశల్లో చెట్ల కింద కూర్చునే హామ్‌ల గురించి పైన చెప్పుకున్నాం. ఆ సంస్థ నుంచి భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది, ప్రపంచంలోని హామ్‌లకు ఆ అరుదైన దీవుల నుంచి పలకరింపు అందించడానికి. డిసెంబరు 26 ఉదయం సముద్రం దీవుల మీదికి లేచింది. సునామీ తర్వాత ఆ దీవుల గొంతు ఎవరి సెట్టులోంచి బయటికి వచ్చిందో, అంతకు ముందు మన తీరాన్ని తాకిన తుపానుల్లో తెలుగు హామ్‌లు ఏం నేర్చుకున్నారో, పందెం కోసం కాక ప్రాణం కోసం మాట్లాడేటప్పుడు ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి అన్నది వాళ్లు ఎలా తేల్చుకున్నారో పదో భాగంలో చూద్దాం.